చిన్న తెల్ల పుట్టగొడుగులు: తినేవేవో, తినకూడనివేవో



తొలకరి వానలు పడి నాలుగు ఉరుములు ఉరిమితే చాలు, అడవి అంచున ఉన్న ఊళ్ళలో పిల్లలూ పెద్దలూ బుట్టలు పట్టుకుని పుట్టల వైపు బయలుదేరతారు. మనం పుట్టగొడుగులంటాం, తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల పుట్టకొక్కులంటారు. పేరు ఏదైనా, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, మసాలా వేసి వండితే మాంసం కూరకు తీసిపోదని ఇష్టంగా తింటారు. ఈ నాలుగు నెలల్లో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “డాక్టరు గారూ, ఇవి తినవచ్చునా?” కొందరు కాగితంలో చుట్టి తెచ్చి మరీ చూపిస్తారు.

పెద్ద పుట్టగొడుగుల విషయంలో ఊరి పెద్దలకు అనుభవం ఉంటుంది. చిక్కు ఎక్కువగా వచ్చేది చిన్నవాటితోనే. గోరంత, రూపాయి బిళ్ళంత ఉండి, అడవిలో ఆకుల మధ్య వందల కొద్దీ ఒక్కచోట మొలిచే తెల్లని పుట్టగొడుగులు ఉన్నాయి కదా, వాటిని గురించి ఈ నెల వివరంగా తెలుసుకుందాం. తినదగినదాని గుర్తులేమిటి, దానిలాగే కనిపించే చెడ్డవి ఏవి, పొరపాటున తింటే ఏం చేయాలి అన్నవి వరుసగా చెబుతాము.

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసం చదివి, అలవాటు లేనివారు కొత్తగా అడవికి వెళ్ళి ఏరుకోవాలన్నది మా ఉద్దేశం కాదు. ఏరే అలవాటు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలని, సందేహం వచ్చినప్పుడు వదిలివేయాలని మా కోరిక.

పుట్టకూ గొడుగుకూ సంబంధం ఏమిటి?

మన భాషలో దీనికి పుట్టగొడుగు అని పేరు పెట్టిన పెద్దలు మంచి గమనిక గలవారు. ఇది నిజంగానే చెదల పుట్టతో కలిసి బ్రతికే జీవి. మనం పంట పండించినట్లే కొన్ని జాతుల చెదలు నేల లోపల శిలీంధ్రాన్ని పెంచుతాయి. ఎండుటాకులు, పుల్లలు, గడ్డి నమిలి, స్పాంజిలా గుల్లగా ఉండే ముద్దలు కడతాయి. ఆ ముద్దల మీద ఈ శిలీంధ్రం తెల్లని చిన్న గుండ్లుగా పెరుగుతుంది. చెదలకు అరగని కర్రపదార్థాన్ని శిలీంధ్రం అరిగించి పెడుతుంది, చెదలు దానికి తేమనూ నీడనూ ఇస్తాయి. ఒకటి లేనిదే రెండవది బ్రతకలేదు.

వానాకాలంలో రెక్కలు వచ్చిన చెదలు, అంటే ఉసిళ్ళు, పుట్టలోంచి గుంపులుగా బయటికి ఎగరడం మనందరం చూసినదే. ఇంచుమించు ఆ కాలంలోనే లోపలి శిలీంధ్రం కూడా నేలను చీల్చుకుని గొడుగులు పైకి పంపుతుంది. ఆ గొడుగులే మనం కోసేవి. ఉరుము వల్ల పుడతాయని పెద్దలు అంటారు. నిజానికి వాటిని పైకి రప్పించేది ఉరుముతో పాటు వచ్చే వాన, తడిసిన నేల.

ఈ కుటుంబానికి శాస్త్రజ్ఞులు టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టారు. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజె హైమ్ 1942లో ఈ పేరును ఏర్పరచాడు. ఇందులో ప్రపంచంలోని అతి పెద్ద తినే పుట్టగొడుగూ ఉంది. ఆఫ్రికాలోని జాంబియాలో దొరికే ఆ జాతి గొడుగు మీటరు వెడల్పు వరకు పెరుగుతుంది. అదే కుటుంబంలో అతి చిన్నది మనం చెప్పుకుంటున్న చిన్న తెల్ల పుట్టగొడుగు. దాని పేరు టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్. సింహళం నుండి వెళ్ళిన నమూనాలను చూసి బర్కిలీ, బ్రూమ్ అనే ఇద్దరు 1871లో దీన్ని మొదట వర్ణించారు. మైక్రోకార్పస్ అంటే చిన్న కాయ అని అర్థం.

చిన్నదాని గుర్తులు

ఈ క్రింది గుర్తులన్నీ కలిసి ఉండాలి. ఒకటి ఉండి మరొకటి లేకపోతే అది వేరే జాతి అని అనుకోవాలి.

1. పరిమాణం: గొడుగు వెడల్పు సాధారణంగా అర సెంటీమీటరు నుండి రెండున్నర సెంటీమీటర్ల వరకే. కాడ సన్నగా, అగ్గిపుల్లంత మందంగా ఉంటుంది.

2. నడినెత్తి: గొడుగు మధ్యలో చిన్న మొన లాంటి బొడిపె ఉంటుంది. గొడుగు తెల్లగా ఉన్నా ఆ మొన మాత్రం లేత గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో కనిపిస్తుంది. బాగా విచ్చుకున్నాక అంచులు చీలుతాయి.

3. మొప్పలు: గొడుగును తిరగేస్తే అడుగున చేప మొప్పల్లాంటి పలుచని పొరలు కనిపిస్తాయి. ఇవి మొదట తెల్లగా ఉండి, ముదిరిన కొద్దీ లేత గులాబి ఛాయకు తిరుగుతాయి. కాడకు అంటుకోకుండా కాస్త ఎడంగా ఆగిపోతాయి.

4. కాడ: కాడ మీద ఉంగరం లాంటి పొర ఉండదు. కాడ అడుగున గుడ్డు పెంకులాగానో సంచిలాగానో ఉండే తొడుగు ఉండదు.

5. చోటు: నేల మీద మొలుస్తుంది. కుళ్ళిన మొద్దు మీద, చెట్టు బెరడు మీద, పేడ మీద మొలవదు. ఎత్తైన పుట్ట పైకి కనిపించకపోయినా క్రింద చెదలు ఉండాలి. మట్టిని కాస్త గీకి చూస్తే గుల్లగా, పొడిపొడిగా రాలే గోధుమ రంగు ముక్కలు కనిపిస్తాయి. అవి చెదల ముద్దల ముక్కలు.

6. గుంపు: ఒకటీ రెండూ కాకుండా వందల కొద్దీ చాప పరచినట్లు ఒక్కసారిగా మొలుస్తుంది.

చిన్నదానితోనే చిక్కు ఎందుకు?

పెద్ద పుట్టగొడుగుకు ఒక మంచి గుర్తు ఉంది. దాని కాడ నేలలోకి పొడుగాటి వేరులా దిగి, లోపల చెదల ముద్ద దాకా పోతుంది. అనుభవం గలవారు కర్రతో మెల్లగా తవ్వి ఆ వేరును చూసి గుర్తుపడతారు. వేరున్న ప్రతి పుట్టగొడుగూ చెదలదే అని చెప్పలేం గాని, మిగిలిన గుర్తులతో కలిపి చూస్తే అది మంచి ఆధారం.

చిన్నదానికి ఆ ఆధారం లేదు. కారణం ఏమిటంటే, ఇది లోతులో ఉన్న ముద్ద నుండి పైకి రాదు. వానలు పడ్డాక చెదలే తమ తోటలోని ముద్దను ముక్కలు చేసి మోసుకువచ్చి, నేల పైభాగాన పలుచగా పరుస్తాయి. ఆ ముక్కల నుండే ఈ చిన్నవి వందలుగా మొలుస్తాయి. అందువల్ల దీని కాడ పొట్టిగా ఆగిపోతుంది, పొడుగాటి వేరు ఉండదు. పెద్దదాని దగ్గర నేర్చుకున్న ముఖ్యమైన గుర్తు చిన్నదాని దగ్గర పనికిరాదన్న మాట.

మరో ఇబ్బంది కూడా ఉంది. పెద్దవాటిని ఒక్కొక్కటి చేత్తో తీసి చూస్తాం. చిన్నవాటిని దోసిళ్ళతో ఎత్తి బుట్టలో వేసుకుంటాం. ఆ గుంపు మధ్యలో వేరే జాతివి పది కలిసినా కంటపడవు. చేటలో పోసి చెరిగేవేళకు కాడలు విరిగి, అడుగు భాగాలు మట్టిలోనే ఉండిపోయి, గుర్తులు సగం పోతాయి.

దానిలాగే కనిపించేవి

చెట్టు మొదళ్ళ దగ్గర మొలిచే చిన్న గంటలు: కొట్టివేసిన చెట్టు మొదలు చుట్టూ వందలుగా మొలిచే, బూడిద రంగు గంటల్లాంటి చిన్న పుట్టగొడుగులు ఉంటాయి. చేత్తో పట్టుకుంటే నలిగిపోయేంత పలుచగా ఉంటాయి. వీటి మొప్పలు ముదిరితే నల్లబడతాయి. ఇవి పెద్ద విషం కాకపోయినా ఒక విషయం నేర్పుతాయి. గుంపుగా మొలవడం అన్నది చెదల పుట్టగొడుగుకు మాత్రమే ఉన్న గుణం కాదు.

ఇనోసైబె జాతులు: ఇవీ చిన్నవే, నడినెత్తిన మొన ఉన్నవే. గొడుగు మీద పీచు గీతలు, అంచున చీలికలు ఉంటాయి. కనుక తొందరలో చూస్తే మోసపోతాం. కొన్నిటి రంగు గోధుమ, కొన్నిటిది తెలుపు. ముదిరిన మొప్పలు మట్టి రంగుకు తిరుగుతాయి. వీటిలో చాలావాటిలో మస్కరిన్ అనే విషం ఉంటుంది. కేరళలో దొరికిన ఒక జాతిలో కూడా ఈ విషం ఉన్నట్లు పరిశోధకులు నిర్ధారించారు.

ఎంటోలోమా జాతులు: వీటి మొప్పలు కూడా ముదిరితే గులాబి రంగుకు వస్తాయి. కనుక గులాబి ఛాయ ఉంటే మంచిదే అనుకోరాదు. వీటి మొప్పలు కాడకు అంటుకుని ఉంటాయి. అడుగున చెదల ముద్ద ఉండదు. వీటిలో కొన్ని తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి.

ఆకుపచ్చ పొడి రాల్చే గొడుగు: పచ్చిక బయళ్ళలో, పెరళ్ళలో వానకు మొలిచే పెద్ద తెల్ల గొడుగు ఇది. శాస్త్రనామం క్లోరోఫిల్లమ్ మొలిబ్డైటిస్. ఎదిగితే జానెడు వెడల్పు ఉంటుంది, కాడ మీద ఉంగరం ఉంటుంది. మొగ్గ దశలో మాత్రం చిన్నగా, మొప్పలు తెల్లగా ఉండటంతో మంచిదని పొరబడతారు. వేడి దేశాల్లో పుట్టగొడుగు విషానికి ఎక్కువగా కారణమయ్యేది ఇదే.

అమనిటా జాతులు: అన్నిటిలోకీ ప్రాణాంతకమైనవి ఈ కుటుంబంలోనే ఉన్నాయి. ఇవి సాలు, పైను, ఓకు వంటి కొన్ని చెట్ల వేళ్ళతో కలిసి బ్రతుకుతాయి. మొగ్గ దశలో తెల్లని కోడిగుడ్డు నేలలో పాతినట్లు కనిపిస్తాయి. ఎదిగాక మొప్పలు తెల్లగానే ఉండిపోతాయి. కాడ మీద ఉంగరం, అడుగున సంచి లాంటి తొడుగు చాలా జాతుల్లో ఉంటాయి. కాడను పైపైన విరిస్తే ఆ తొడుగు మట్టిలోనే ఉండిపోతుంది. ప్రాణం తీసే గుర్తును మనమే నేలలో వదిలి వచ్చినట్లవుతుంది.

పొడి పరీక్ష

ఇంట్లో చేయగల ఒక మంచి పరీక్ష ఉంది. విచ్చుకున్న గొడుగును కాడ తీసివేసి, మొప్పలు క్రిందికి ఉండేలా కాగితం మీద బోర్లించండి. కాగితంలో సగం తెలుపు, సగం నలుపు ఉంటే మంచిది. పైన గిన్నె మూయండి. రాత్రంతా ఉంచి తెల్లవారి తీస్తే, మొప్పల నుండి రాలిన సన్నని పొడి కాగితం మీద ముగ్గులా పడి ఉంటుంది. ఆ పొడే పుట్టగొడుగు విత్తనం.

పొడి రంగు లేత గులాబి లేదా గులాబి కలిసిన మీగడ రంగులో ఉంటే చెదల పుట్టగొడుగు కావచ్చు. ఆకుపచ్చగా ఉంటే క్లోరోఫిల్లమ్. తెల్లగా ఉంటే అమనిటా కావచ్చు. మట్టి రంగులో ఉంటే ఇనోసైబె కావచ్చు. నల్లగా ఉంటే అసలే మన పుట్టగొడుగు కాదు.

ఈ పరీక్ష వద్దని చెప్పగలదు గాని, తినమని చెప్పలేదు. ఎంటోలోమా కూడా గులాబి పొడినే రాలుస్తుందని పైన చెప్పాము. రంగు తేడా వస్తే మొత్తం పారవేయండి. రంగు సరిపోయినా మిగిలిన గుర్తులన్నీ చూడవలసిందే. పరీక్షించినది ఒక్క గొడుగునే గాని బుట్టనంతా కాదని కూడా గుర్తుంచుకోండి.

నమ్మరాని పరీక్షలు

మన ఇళ్ళల్లో తరతరాలుగా చెప్పుకునే పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటిని నమ్మి ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దని చెప్పడం మా బాధ్యత.

“కూరలో వెండి ఉంగరం వేస్తే నల్లబడకపోతే మంచిదే.” వెండిని నల్లబరిచేది గంధకం. ప్రాణాంతకమైన పుట్టగొడుగు విషాలు వెండి రంగును మార్చవు.

“వెల్లుల్లి గాని, బియ్యం గాని వేసి ఉడికిస్తే రంగు మారాలి.” ఈ రంగు మార్పుకూ విషానికీ సంబంధం లేదు.

“పురుగులు, నత్తలు తిన్నాయి కనుక మనమూ తినవచ్చు.” మనిషిని చంపే అమనిటాను నత్తలు హాయిగా తింటాయి. వాటి శరీరం వేరు, మన శరీరం వేరు.

“ఉడికించి నీళ్ళు పారబోస్తే విషం పోతుంది.” అమనిటా విషం ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు.

“తెల్లనివన్నీ మంచివి, రంగువి చెడ్డవి.” ప్రాణాంతకమైన అమనిటాలలో కొన్ని స్వచ్ఛమైన తెలుపు.

“చేదుగా ఉంటేనే విషం.” విషపు అమనిటా తిని బ్రతికిన వారు అది ఎంతో రుచిగా ఉందనే చెప్పారు.

యునాన్ కొండల నుండి ఒక పాఠం

చిన్నది కదా, ఎంత తింటాం, ఏమవుతుంది అనుకునేవారు చైనా దేశంలో జరిగిన సంగతి తెలుసుకోవాలి. యునాన్ రాష్ట్రపు కొండ గ్రామాల్లో 1970ల చివరి నుండి ప్రతి వానాకాలం ఒక వింత మరణం వెంటాడింది. ఆరోగ్యంగా ఉన్నవారు, ఒక్కోసారి ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురు, ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయేవారు. సముద్రమట్టానికి 1800 నుండి 2400 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్ళలోనే, వానాకాలపు నెలల్లోనే ఇలా జరిగేది. మూడు దశాబ్దాల్లో సుమారు 400 మంది ఇలా మరణించారు.

చైనా వ్యాధి నియంత్రణ కేంద్రం పరిశోధకులు ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళు తిరిగారు. నీళ్ళు, ఆహారం, గుండె జబ్బులు అన్నీ చూశారు. చివరికి 2010 నాటికి వారి వేలు ఒక చిన్న తెల్ల పుట్టగొడుగు వైపు చూపింది. కుళ్ళిన కర్ర మీద మొలిచే దాని పేరు ట్రోజియా వెనెనేటా. అందులోని విష పదార్థాలను గురించిన పరిశోధన 2012లో అచ్చయింది.

అంతకాలం దాని మీద ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదు? ఆ ఊళ్ళవారు పుట్టగొడుగులు ఏరి బజారుకు అమ్మేవారు. ఈ చిన్నది కోసిన కొద్దిసేపటికే గోధుమ రంగుకు తిరుగుతుంది, పరిమాణమూ తక్కువ. కనుక కొనేవారు లేరు. మంచివన్నీ అమ్ముకుని, అమ్ముడుపోని ఈ చిన్నవాటిని ఇంట్లో వండుకున్నారు. ఊరూరా తిరిగి దీన్ని తినవద్దని హెచ్చరించాక ఆ మరణాలు బాగా తగ్గిపోయాయి.

మన అడవుల్లో దొరికేది ఆ జాతి అని మేము చెప్పడం లేదు. కాని పెద్దవి సంతకు పోయి, చిన్నవి ఇంటి కుండలోకి వచ్చే చోట ఎక్కడైనా ఈ పాఠం వర్తిస్తుంది. పిల్లలకు పెట్టేది అమ్ముడుపోనిదైతే దాన్ని రెండింతలు జాగ్రత్తగా చూడాలి.

మన దేశంలోనూ ఇటువంటి దుఃఖం కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించారు. వారిలో ఎక్కువ మంది తేయాకు తోటల్లో పనిచేసే కుటుంబాల వారు.

వాంతి ఎప్పుడు మొదలైంది?

పుట్టగొడుగులు తిని వచ్చినవారిని మేము ముందుగా అడిగే ప్రశ్న ఇదే. తిన్న ఎంతసేపటికి బాధ మొదలైందో తెలిస్తే, ఏ రకం విషమో చాలావరకు ఊహించవచ్చు.

పావుగంట నుండి రెండు గంటల లోపు విపరీతంగా చెమటలు, నోట ఉమ్మి ఊరడం, కళ్ళ నీళ్ళు, చూపు మసకబారడం, గుండె నెమ్మదించడం ఉంటే అది మస్కరిన్ విషం కావచ్చు. దీనికి ఆసుపత్రిలో అట్రోపిన్ ఇంజక్షను ఉంది. సకాలంలో వస్తే బాగా పనిచేస్తుంది.

అరగంట నుండి మూడు గంటల లోపు కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలైతే క్లోరోఫిల్లమ్ వంటివి కారణం కావచ్చు. బాధ ఎక్కువే అయినా, ఒంట్లో నీరు తగ్గకుండా సెలైను ఎక్కిస్తే పెద్దలు సాధారణంగా కోలుకుంటారు. పసిపిల్లలకు, వృద్ధులకు మాత్రం ఇది ప్రమాదమే.

ఆరు గంటలు దాటాక, అంటే రాత్రి తింటే తెల్లవారుజామున మొదలైతే అత్యంత ప్రమాదకరమని భావించాలి. ఇది అమనిటా విషపు లక్షణం. మొదట కలరా వచ్చినట్లు వాంతులు, నీళ్ళ విరేచనాలు అవుతాయి. ఒక రోజు గడిచాక అవి తగ్గుతాయి. రోగి లేచి కూర్చుంటాడు, గంజి త్రాగుతాడు, ఇంటికి పోదామంటాడు. ఇంట్లోవారు గండం గడిచిందనుకుంటారు. కాని ఆ సమయంలోనే విషం కాలేయాన్ని లోలోపల నాశనం చేస్తూ ఉంటుంది. మూడు నాలుగు రోజులకు కళ్ళు పచ్చబడతాయి, మాట తడబడుతుంది, రక్తం గడ్డకట్టదు, స్పృహ తప్పుతుంది. అప్పుడు తెస్తే మా చేతుల్లో మిగిలేది చాలా తక్కువ.

ఆ తొలి రోజునే తెస్తే చికిత్సకు అవకాశం ఉంది. విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి మందు, సెలైను, కాలేయాన్ని కాపాడే మందులు ఇస్తాము. కాలేయం పనితీరును రక్తపరీక్షతో పదే పదే చూస్తాము. అవసరమైతే కాలేయ మార్పిడి సౌకర్యం ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపిస్తాము. కనుక వాంతులు తగ్గాయని ఇంటికి తీసుకుపోతామని దయచేసి పట్టుబట్టకండి.

తిన్న తరువాత అనుమానం వస్తే

• ఒక్కరికి బాధ కలిగినా, ఆ కూర తిన్న అందరూ ఆసుపత్రికి రండి. పిల్లలను ఇంట్లో వదలి రావద్దు.

• వాహనం లేకపోతే 108కు ఫోను చేయండి.

• వండని పుట్టగొడుగులు మిగిలితే కాగితం సంచిలో పెట్టి తీసుకురండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే కుళ్ళిపోతాయి. కూర మిగిలితే సీసాలో పోసి తెండి. చెత్తలో పారేసిన ముక్కలైనా సరే. సెల్‌ఫోనులో ఫోటో తీసి ఉంటే చూపించండి.

• ఎప్పుడు తిన్నారో, ఎప్పుడు బాధ మొదలైందో కాగితం మీద వ్రాసి తెండి.

• పుట్టగొడుగులు తిన్న మాట డాక్టరుకు తప్పక చెప్పండి. నవ్వుతారని, తిడతారని దాచవద్దు. మీరు చెప్పకపోతే అది మామూలు వాంతులు విరేచనాల లాగే కనిపిస్తుంది. విలువైన సమయం పోతుంది.

• ఉప్పు నీళ్ళు, కుంకుడు రసం త్రాగించి వాంతి చేయించవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ప్రమాదం. స్పృహలో ఉంటే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు కొద్ది కొద్దిగా ఇవ్వవచ్చు. మత్తుగా ఉన్నవారికి నోటి ద్వారా ఏమీ ఇవ్వవద్దు.

• వేపరొట్టలతో, పసరు మందులతో కాలయాపన చేయవద్దు.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళేవారికి

మన సంఘ కుటుంబాల్లో చాలామంది పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. వారి దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులు ఉదయం నడకకు పోయి, పార్కులో చెట్ల క్రింద పుట్టగొడుగులు చూసి ఊరు గుర్తుకు వచ్చి కోయడం సహజం. దయచేసి కోయకండి. మరణ టోపీ అని పేరుపడ్డ అమనిటా ఫాలోయిడిస్ ఐరోపా నుండి ఆ దేశాలకు చేరి, కాలిఫోర్నియాలోనూ మెల్‌బోర్న్, కాన్‌బెర్రా నగరాల్లోనూ ఓకు చెట్ల క్రింద మొలుస్తోంది. మొగ్గ దశలో అది మన వరిగడ్డి పుట్టగొడుగును పోలి ఉంటుంది. రెండింటికీ అడుగున సంచి ఉంటుంది. ఆసియా దేశాల నుండి వెళ్ళినవారు ఆ పోలిక చూసి మోసపోయిన సందర్భాలు ఉన్నాయి. కాన్‌బెర్రాలో ఇది తిని 2012 జనవరిలో ఇద్దరు మరణించారు. ఒక నేల మీద నేర్చుకున్న గుర్తులు మరో నేల మీద చెల్లవు.

ఇంటింటా పాటించవలసినవి

1. ఊళ్ళో ఏళ్ళ తరబడి ఏరి తిన్న అనుభవం గలవారు చూసి ఒప్పుకున్నవే వండండి. ఆ అనుభవజ్ఞులకైనా బుట్ట చూపితే చాలదు, మొలిచిన చోటు కూడా చూపండి.

2. కాడను విరవకండి. కత్తితో గాని పుల్లతో గాని అడుగు దాకా తవ్వి తీయండి.

3. రకరకాలవి ఒకే బుట్టలో కలపకండి. చిన్నవాటిని శుభ్రం చేసేటప్పుడు పళ్ళెంలో పరచి ఒక్కొక్కటి చూడండి. ఓపిక లేకపోతే అవి వద్దనుకోండి.

4. పురుగుమందు కొట్టిన చేలలోవి, రోడ్డు ప్రక్కవి, మురుగు దగ్గరివి కోయవద్దు. మంచి జాతి అయినా అక్కడి విషాలను పీల్చుకుంటుంది.

5. బాగా ఉడికించి, అదే రోజు తినండి. నల్లబడినవి, జిగురు పట్టినవి పారవేయండి.

6. వండక ముందు నాలుగు పచ్చివి వేరుగా తీసి, కాగితంలో చుట్టి రెండు రోజులు ఉంచండి. అవసరం రాకపోతే మంచిదే. వస్తే వైద్యునికి అవే పెద్ద సహాయం.

7. పసిపిల్లలకు, గర్భిణీలకు, కాలేయ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అడవి పుట్టగొడుగులు పెట్టవద్దు.

8. ప్రేమవిందులకు, పెళ్ళి భోజనాలకు అడవి పుట్టగొడుగులు వండవద్దు. ఒక్క గుండిగలో జరిగిన పొరపాటు వందమందిని బాధిస్తుంది.

పుట్టగొడుగు కూర తినాలనిపిస్తే మరో మార్గం ఉంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు, పాల పుట్టగొడుగులు, వరిగడ్డి పుట్టగొడుగులు, బటన్ పుట్టగొడుగులు ఇప్పుడు మన దగ్గర పెంచి అమ్ముతున్నారు. ముత్యపు చిప్ప రకాన్ని ఇంటి పంచలో గడ్డి సంచుల్లో పెంచుకోవచ్చు. చెదల పుట్టగొడుగును మాత్రం చెదలు తప్ప మనుషులు ఇంతవరకు పంటగా పండించలేకపోయారు. అందుకే దానికోసం ఏటా అడవికి పోతున్నాం.

పోయినప్పుడు గుర్తులన్నీ కలిస్తేనే కోయండి. ఒక్క గుర్తు తప్పినా అక్కడే వదిలి రండి. ఏ సందేహం ఉన్నా వండక ముందే మా దగ్గరికి తీసుకురండి. తెచ్చినది ఏ జాతిదో మేము ప్రతిసారీ తేల్చి చెప్పలేకపోవచ్చు. అటువంటప్పుడు తినవద్దనే చెబుతాము. ఒక పూట కూర పోయినా ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉంటారు.